చెరువు కట్టినవాళ్లు, కట్టను కాసినవాళ్లు

ఈ బ్లాగులో ఇప్పటిదాకా మగ్గం గురించి, మార్కండేయ రథం గురించి, మన పెద్దలు ఊళ్లు వదిలి వచ్చిన దారుల గురించి రాశాం. ఈసారి నీళ్ల వంతు.

సోలాపూర్ తెలుగు పేటల్లో పుట్టినవాళ్లకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సాఖర్ పేఠ కానీ, భవానీ పేఠ కానీ, అశోక్ చౌక్ వైపు కానీ, నల్లా రోజూ రాదు. మూడు రోజులకో నాలుగు రోజులకో వస్తుంది, ఎండాకాలంలో ఇంకా ఆలస్యం. నీళ్లొచ్చే రోజు ఆడవాళ్లు బీడీల చేట పక్కన పెట్టి డ్రమ్ములు, బిందెలు, గంగాళాలు నింపుకుంటారు. ఆ రోజు వెయ్యి బీడీల లెక్క పూర్తి కాదు, అంటే ఆ రోజు కూలి కూడా పూర్తిగా రాదు. నీళ్లకు మన ఇళ్లల్లో ధర కట్టేది ఇలాగే.

నేతకు నీళ్లు లేకపోతే అసలు కుదరదు. గుంటమగ్గం రోజుల్లో పడుగుకు గంజి పట్టించాలన్నా, నూలుకు రంగు వేయాలన్నా, వేసిన రంగు కడగాలన్నా నీళ్లే. పవర్‌లూమ్ వచ్చాక చద్దర్లూ టవళ్లూ నేస్తున్నా, నూలు మాత్రం డై హౌస్ తొట్లలో మునగాల్సిందే. మరి ఇంత నీళ్ల పని తెలిసినవాళ్లు వానకు మొహం వాచిన ఈ ఊరికి ఎందుకొచ్చారు అని పిల్లలు అడుగుతుంటారు. సహ్యాద్రి కొండలు అరేబియా సముద్రపు మబ్బుల్ని తమవైపే పిండేసుకుంటాయి, ఇటు మిగిలేది అరకొర. జిల్లాలో వాన ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఉన్నమాట చెప్పాలంటే మన పెద్దలు నీళ్లను చూసి రాలేదు, పనిని చూసి వచ్చారు. నిజాం ఇలాకాలో మగ్గం కూడు పెట్టని రోజుల్లో బొంబాయి ఇలాకా సరిహద్దులో ఉన్న ఈ ఊళ్లో నూలు దొరికేది, బట్టకు బజారు ఉండేది, 1870లు ముగిసేలోపు మిల్లు కూడా నడిచింది. మనవాళ్లు పాలమూరు, నల్లగొండ, కరీంనగర్, వరంగల్ వైపుల నుంచి నడుచుకుంటూ, బండ్ల మీద, తర్వాత రైల్లో వచ్చి చేరారు.

వాళ్లు వదిలి వచ్చినవి చెరువుల ఊళ్లు. ఈ వ్యాసంలో మేము చెప్పదలుచుకున్నది అక్కడే మొదలవుతుంది.

తెలంగాణ ఊరిలో చెరువంటే ఉత్తి నీళ్ల గుంట కాదు. కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, ఎక్కువైన నీళ్లు పోవడానికి మత్తడి ఉంటుంది. మత్తడి దూకిన నీళ్లు కింది ఊరి చెరువులోకి పోతాయి, అది నిండితే దాని కిందిదానిలోకి. గొలుసుకట్టు చెరువులు అనేది వీటినే. పై చెరువుకు గండి పడితే కింది చెరువులకూ ముప్పే కాబట్టి, ఒక ఊరి కట్ట మీద ఇంకో ఊరి కన్ను ఉండేది. వీటన్నిటినీ చూసుకోడానికి ఒక మనిషి ఉండేవాడు, నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు వదలాలి, కట్ట మీద ఎలుక బొక్క ఎక్కడ పడింది, వాన రాత్రి నీళ్లు ఎంత దాకా ఎక్కాయి, అంతా అతని లెక్క. అతనికి జీతం ఇచ్చేది సర్కారు కాదు. పంట కల్లం మీదికి వచ్చాక ప్రతి రైతూ కొలిచి ఇచ్చే మేర అతని జీతం. పంట పండితేనే మేర. అందుకే అతను వానలో గొంగడి కప్పుకుని కట్ట మీద తిరిగేవాడు. కట్టమైసమ్మ గుడి ప్రతి కట్ట మీదా ఉండటం భక్తి అని మాత్రమే అనుకుంటే సగమే తెలిసినట్టు. ఏడాదికోసారి ఊరంతా ఆ గుడికి వెళ్తుంది, వెళ్లినవాళ్లు కట్టను ఈ చివరి నుంచి ఆ చివరికి తొక్కుతారు, కుంగిన చోటు పది మంది కంట పడుతుంది.

ఇంకో ఏర్పాటు దశబంధం. చెరువు కట్టినవాడికో, తెగిన చెరువును బాగుచేసినవాడికో దాని కింద కొంత భూమి లేదా శిస్తులో పదోవంతు లాంటి భాగం ఇచ్చేవాళ్లు. ఊరికే కాదు, చెరువును బాగా ఉంచినంతకాలమే. విజయనగరం నాటి శాసనాల్లో ఇది కనిపిస్తుంది, రాయలసీమలో ఇంగ్లీషువాళ్ల కాలం దాకా దశబంధం ఇనాములు నడిచాయి. కట్టడానికి ఒక బహుమానం, కాపాడటానికి ఇంకొకటి అని రెండు లేవు, రెండూ ఒకే ముడిలో ఉండేవి.

ఆ కాలం వాళ్లు చెరువు శాస్త్రాన్ని ఎంత నిక్కచ్చిగా ఆలోచించారో చూడాలంటే కడప జిల్లా పోరుమామిళ్ల వెళ్లాలి. అక్కడి చెరువును బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. శాసనం 1369 నాటిది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. అంతకన్నా ముఖ్యంగా, మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్పింది ఆ శాసనం. కట్టలోంచి నీళ్లు ఊరడం ఒక దోషం. ఉప్పు నేల ఒకటి. చెరువు మధ్యలో దిబ్బ ఉండటం ఒకటి. నీళ్లు కొద్దిగా ఉండి ఆయకట్టు పెద్దది కావడం ఒకటి, నీళ్లు ఎక్కువై నేల చాలకపోవడం ఒకటి. ఇవన్నీ ఏ ఇంజనీరైనా ఒప్పుకుంటాడు. ఆరోది మాత్రం మట్టికీ రాయికీ సంబంధం లేనిది: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదు. ఎందుకు కూడదో శాసనం విడమరిచి చెప్పలేదు. కానీ సోలాపూర్‌లో ఉన్నవాళ్లకు అది చప్పున అర్థమవుతుంది.

అది చెప్పేముందు మన ఊరి చెరువు మాట. ఊరి నడుమ ఉన్న సిద్ధేశ్వర చెరువును పన్నెండో శతాబ్దంలో సిద్ధరాముడు తవ్వించాడని అందరం చెప్పుకుంటాం. సంక్రాంతికి గడ్డా జాతరలో నందిధ్వజాల వెంట నడిచే తెలుగువాళ్లు తక్కువేం కాదు. అల్లమప్రభువు సొన్నలిగెకు వచ్చినప్పుడు సిద్ధరాముడు జనంతో చెరువు పని చేయిస్తున్నాడట, అల్లముడు ‘ఎక్కడ మీ ఒడ్డర సిద్ధరాముడు’ అని వెక్కిరింపుగా అడిగాడట. వీరశైవ కథల్లో బాగా తెలిసిన ఘట్టం ఇది. కథలో అది ఎత్తిపొడుపు, దైవాన్ని వదిలి మట్టి తవ్వుతున్నావేం అని. మాకు మాత్రం ఆ ‘ఒడ్డర’ మాట తియ్యగానే వినిపిస్తుంది. ఒడ్డెవాళ్లు దక్కన్ అంతటా చెరువులు తవ్విన జనం, చాలామంది ఇంటి భాష తెలుగు. పేటల్లోకి మనం మగ్గాలతో రాకముందే తెలుగు మాట గునపం పట్టుకుని ఈ నేల మీద తిరిగిందన్నమాట.

ఇక ఏకరూఖ్. ఊళ్లో జనం హిప్పర్గా చెరువంటారు. సోలాపూర్‌కు ఈశాన్యంగా, తుల్జాపూర్ దారిలో, ఆదిలా నది మీద ఉంది. కోజాగిరి పున్నమికి తుల్జాపూర్ భవాని దగ్గరికి కాలినడకన పోయినవాళ్లందరూ దాన్ని చూసే ఉంటారు. బొంబాయి ప్రభుత్వం 1860ల్లో పని మొదలుపెట్టి 1871లో పూర్తిచేసింది. పూర్తిగా మట్టి కట్ట. ఎత్తు 21 మీటర్లకు పైనే, పొడవు రెండు కిలోమీటర్లకు పైనే. ఆ ఇలాకాలో అప్పటికి మనుషులు కట్టిన అతి పెద్ద చెరువుల్లో ఇదొకటి. పొలాలకని కట్టినా, పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోపు ఊరి తాగునీరు కూడా ఇక్కడి నుంచే రావడం మొదలైంది. మిల్లులూ మగ్గాలూ పెరిగి జనం మూడింతలైనా తట్టుకున్న ఊరికి వెన్నెముక ఈ మట్టి కట్టే. 1980లో భీమ మీద ఉజని డ్యాం పూర్తయ్యాక ఊరి భారం అటు మళ్లింది, అయినా ఏకరూఖ్ ఇప్పటికీ పక్కన పెట్టే చెరువు కాదు.

పోరుమామిళ్ల ఆరో దోషం ఇక్కడే ఉంది. కట్ట బొంబాయి ఇలాకాలో. దాని పరీవాహకం ఎగువ భాగం తుల్జాపూర్ వైపు, అంటే అప్పటి నిజాం ఇలాకాలో. నీళ్లు ఒక సర్కారు నేల మీద పడి ఇంకో సర్కారు చెరువులో చేరేవి. ఇవాళ రాజ్యాలు రెండు లేవు, జిల్లాలు రెండున్నాయి. పైన ధారాశివ్, కింద సోలాపూర్. పైవాళ్లు తమ వాగుల మీద ఎన్ని చిన్న కట్టలు వేసుకుంటే కిందికి అంత తక్కువ దిగుతుంది. అలాగని వేసుకోవద్దని ఎవరంటారు? వాళ్లకూ కరువే. కానీ ఒక వాగు మీద మొత్తం ఎన్ని కట్టలున్నాయి, ఏది ఎంత పట్టుకుంటుంది, ఏది తెగితే దేని మీద పడుతుంది అని పై నుంచి కింది దాకా ఒకే చేత్తో లెక్క రాసేవాళ్లు ఉండాలి. గొలుసుకట్టు ఊళ్లల్లో ఆ లెక్క రాత లేకుండానే జనం నోట ఉండేది.

చిన్న కట్టలు ఇన్ని ఎలా వచ్చాయో కూడా తెలుసుకోవాలి. కరువు పనుల వల్ల. 1876-78 ధాత కరువులో ఈ జిల్లాలో లక్షల మంది కూలి కోసం మట్టి మోశారు. ఆష్టి చెరువు ఆ కరువు పనిలోనే మొదలైంది. నేతవాళ్లకు ఈ కరువు పనులు చావుకొచ్చిన సంగతి మన పేటల్లో పెద్దవాళ్లు చెప్తూ వచ్చారు. రాళ్లు కొట్టిన చేతికి పోగు తెలియదు. వేళ్లు మొద్దుబారితే ఆసు తోడటం, తెగిన పోగు అతకడం రావు. కరువు పోయినా చేతి పని తిరిగి రాదు. సర్కారుకు ఇది అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1896-97 కరువులో సోలాపూర్ నేతవాళ్లకు మగ్గం మీదే పని ఇచ్చి, నేసిన బట్ట తీసుకునే ఏర్పాటు చేశారు. కరువు సాయం చరిత్రలో సోలాపూర్ పేరు ఆ కారణంగా కూడా ఉంది.

చట్టాల సంగతి త్వరగా చెప్పేస్తాం, లేకపోతే నిద్రొస్తుంది. మద్రాసు ఇలాకాలో చెరువు తెగబోతే ఊరివాళ్లు వచ్చి తీరాలని 1858లో చట్టమే చేశారు. కుడిమరామత్ అనే పాత వాడుకను కాగితం మీద పెట్టి, రానివాళ్లకు జరిమానా అన్నారు. వాడుకగా ఉన్నప్పుడు అది ఊరి పని, చట్టమయ్యాక వెట్టి చాకిరి. జనం దూరమయ్యారు. 1883లో చెరువుల పునరుద్ధరణ అని ఒక పథకం పెట్టి తాలూకా తాలూకాకూ తిరిగి కట్టలు కొలవాల్సి వచ్చింది. ఇటు బొంబాయిలో 1879 నీటిపారుదల చట్టం వచ్చింది, తర్వాత దానికి ‘రెండో తరగతి పనులు’ అని చిన్న చెరువుల కోసం ఒక భాగం కలిపారు. ఆ పేరులోనే చూపు కనపడుతుంది. పెద్ద కాలువలు మొదటి తరగతి, ఊరి చెరువులు రెండో తరగతి.

అసలు మలుపు 1972 కరువు. మా ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఎర్ర జొన్నల రొట్టె గుర్తుండే ఉంటుంది. మహారాష్ట్ర అంతా మట్టి పని. సోలాపూర్ జిల్లా ముందు వరసలో ఉంది. ఆ పనుల్లోంచే రోజ్‌గార్ హమీ, అంటే ఉపాధి హామీ పథకం పుట్టింది, 1977లో చట్టమైంది. ఊరూరా నాలా బండింగులు, పాఝర్ తలావులు లేచాయి. పాఝర్ తలావ్‌ను తెలుగులో ఊట చెరువు అనొచ్చు. దానికి తూము ఉండదు, కాలువ ఉండదు. వాన నీళ్లు నిలబడి మెల్లగా భూమిలోకి ఇంకుతాయి, కింద అర కోసు దూరంలో బావులు నిండుతాయి. నల్లరాతి నేలలో బావికి ఇంతకంటే మంచి మందు లేదు. జనానికి కూలి, బావికి నీళ్లు, రెండూ దొరికాయి. మేము దాన్ని తప్పుపట్టడం లేదు.

కానీ ఒక సంగతి గమనించండి. తూము లేని చెరువుకు నీరటి ఎందుకు? ఆయకట్టు లేదు, కాబట్టి నీటి పన్ను లేదు. పన్ను లేదు, కాబట్టి మరమ్మతు ఖాతా లేదు. మేలు పొందేవాడు ఎవరో పైకి కనపడడు, ఎందుకంటే మేలు భూమి లోపలినుంచి పోతుంది. నా బావి నిండింది ఆ చెరువు వల్లే అని ఒప్పుకుని చందా ఇచ్చే రైతు ఎక్కడ ఉంటాడు? పని ఇవ్వడానికి కట్టిన కట్ట కాబట్టి పని అయిపోయిన రోజే సర్కారు లెక్కలో అది పూర్తయింది. ఆ తర్వాత కట్ట మీద తుమ్మ చెట్లు మొలుస్తాయి. వేళ్లు లోపలికి దిగి, చెట్టు ఎండాక ఆ వేళ్ల దారినే నీళ్లు ఊరతాయి. నల్లరేగడి ఎండకు పగుళ్లిస్తుంది. మత్తడి దగ్గర రాయి ఒకటి పోతుంది, మరుసటి ఏడు పది పోతాయి. పూడిక పెరిగి ఇంకే నేల మూసుకుపోతే ఊట చెరువు ఉత్త ఆవిరి చెరువు అవుతుంది. వీటిలో ఏదీ లక్షలు పెట్టాల్సిన పని కాదు. ఏడాదికి రెండుసార్లు ఒక మనిషి గడ్డపార పట్టుకుని కట్ట మీద నడిస్తే తీరేవి.

కొల్హాపూర్ పద్ధతి బంధారాలదీ ఇదే కథ. నది మీద రాతి గోడ, నడుమ ఖాళీలు. వానలు వెనకబట్టాక ఆ ఖాళీల్లో బర్గేలు, అంటే పలకలు దించి నీళ్లు ఆపాలి. మళ్లీ వానలు పడకముందే తీసేయాలి. దించడం ఆలస్యమైతే నీళ్లు పోతాయి, తీయడం ఆలస్యమైతే వరద గట్టు తవ్వి పక్క పొలంలోంచి దారి చేసుకుంటుంది. పలకలు ఇనుపవైతే దొంగల పాలు. బంధారా అంత బాగా ఆలోచించిన కట్టడం ఇంకోటి లేదు, కానీ అది పూర్తిగా ఒక మనిషి క్యాలెండర్ మీద ఆధారపడి ఉంటుంది. ఆ మనిషి ఎవరు?

మహారాష్ట్రలో దీనికి జవాబు హెక్టార్లలో ఉంటుంది. వంద హెక్టార్ల లోపు పారే పని జిల్లా పరిషత్తుది, 101 నుంచి 250 వరకు ఇంకో విభాగానిది, ఆపైన జలవనరుల శాఖది అని చాలాకాలం నడిచింది. మధ్యలో జల సంధారణ శాఖ వచ్చింది, హద్దులు జరిగాయి, పనులు ఈ చేతి నుంచి ఆ చేతికి మారాయి. ఒకరు కట్టారు, ఒకరికి అప్పగించారు, మరమ్మతు పైకం ఇంకొకరి దగ్గర. రెండు రాజ్యాల సరిహద్దు అంటే కోటలూ సైన్యాలే అనుకోనక్కర్లేదు, రెండు ఆఫీసుల మధ్య గోడ కూడా సరిహద్దే.

ఆ గోడ ఖరీదు 2019 జులై 2 రాత్రి కొంకణంలో తెలిసింది. రత్నగిరి జిల్లా చిప్లూణ్ తాలూకాలో తివరే కట్ట తెగింది. సుమారు ఇరవై ఏళ్ల నాటి మట్టి కట్ట, నీటిపారుదల లెక్కలో చిన్న తరహా పని. కింద ఉన్న వాడ కొట్టుకుపోయి ఇరవై మందికి పైగా చనిపోయారు. కట్టలోంచి నీళ్లు కారుతున్నాయని ఊరివాళ్లు ముందే చెప్పుకున్నారని పత్రికలన్నీ రాశాయి. పీతలు బొక్కలు చేయడం వల్ల తెగిందని అప్పటి మంత్రిగారు అన్నారు. పీతలు చెయ్యవని కాదు. 1369లో రాయి మీద చెక్కిన మొదటి దోషమే కట్టలోంచి నీళ్లు ఊరడం. బొక్క ఎవరు చేసినా, చూసి పూడ్చాల్సినవాడు ఎవరన్నదే ప్రశ్న. నీరటి ఉన్న ఊళ్లో పీత మీద నేరం మోపితే నవ్విపోయేవాళ్లు.

2021లో కేంద్రం ఆనకట్టల భద్రత చట్టం తెచ్చింది. మంచి చట్టమే. వానలకు ముందూ వెనకా తనిఖీ చేయాలి, నిర్వహణకు పైకం పక్కన పెట్టాలి, ప్రమాదం వస్తే ఎవర్ని ఎలా తప్పించాలో ముందే రాసుకోవాలి అని కట్ట ఎవరిదో వాళ్ల మీద బాధ్యత పెట్టింది. కానీ అది 15 మీటర్లకు మించిన కట్టలకు. 10 నుంచి 15 మీటర్ల మధ్యవి అయితే, పొడవు 500 మీటర్లు ఉండాలి, లేదా పది లక్షల ఘనపు మీటర్ల నీళ్లు పట్టాలి, అలాంటి షరతులేవో ఒకటి ఉండాలి. మన ఏకరూఖ్ ఆ లెక్కలోకి వస్తుంది. ఏకరూఖ్ పైన వాగుల మీద ఉన్న ఊట చెరువులూ నాలా కట్టలూ చాలామట్టుకు రావు. 2023లో వెలువడిన దేశపు మొదటి నీటి వనరుల గణన 24 లక్షలకు పైగా చెరువులు, కుంటలు, కట్టలు లెక్కపెట్టింది. నీటి సంరక్షణ కట్టడాల్లో మహారాష్ట్రదే మొదటి స్థానం. లెక్క పెట్టడం ఒక మంచి పని. కాసేవాడి పేరు ఆ పట్టికలో ఒక గడిగా ఉంటే ఇంకా బాగుండేది.

కట్టే ఉత్సాహం మాత్రం తగ్గలేదు. 2014 చివర్లో జలయుక్త శివార్ అని మహారాష్ట్ర మళ్లీ పెద్ద ఎత్తున వాగులు లోతు చేసింది, కట్టలు వేసింది. 9,633 కోట్ల రూపాయలు ఖర్చయ్యాక కూడా భూగర్భజలం మీద ఫలితం అంతంతమాత్రమే అని 2020లో కాగ్ చెప్పింది. దాని మీద రాజకీయం బాగా నడిచింది, మేము అటు పోము. 2017లో వచ్చిన పూడికతీత పథకం మాకు ఎక్కువ నచ్చింది. చెరువు పూడిక యంత్రాలు తీస్తాయి, రైతులు తమ బండ్లలో పొలానికి తోలుకుంటారు. తెలంగాణలో 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ కూడా ఇదే సూత్రం మీద నడిచింది, 46 వేలకు పైగా చెరువులు అన్నారు. మనవాళ్ల పాత ఊళ్లకు పెళ్లిళ్లకని పోయినప్పుడు ఆ చెరువులు చూశాం. కొన్ని నిజంగానే నిండాయి, బతుకమ్మలు వేయడానికి నీళ్లు ఉన్నాయి. కానీ మత్తడి పక్కన నిలబడి ‘నీరటి ఎవరు’ అని అడిగితే, ఉన్న ఊళ్లు తక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 చట్టం కింద ఎన్నికలు పెట్టి పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పాటు చేశారు. దేశమంతా వచ్చి చూసి వెళ్లింది. కొన్నేళ్లకు పైకం ఆగింది, ఎన్నికలు ఆగాయి. సంఘం బోర్డు మాత్రం కొన్ని తూముల దగ్గర తుప్పు పట్టి ఉంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇది వాళ్ల దగ్గర ఎలా ఉంటుందో చూసి చెప్పారు, తర్వాత మేమూ చదివాం. అక్కడ 1954లో చిన్న వాగుల పరీవాహక చట్టం ఒకటి చేశారు. దాని కిందా, దానికి తోడైన పథకాల కిందా పదకొండు వేలకు పైగా చిన్న మట్టి డ్యాములు లేచాయి. కేంద్రం డబ్బు పెట్టి కట్టిస్తుంది, కానీ పని మొదలయ్యే ముందే స్థానిక సంస్థ ఒకటి సంతకం పెట్టాలి, కట్టాక నిర్వహణ మాది అని. సంతకం పెట్టేవాళ్లు లేకపోతే డ్యామే లేదు. చాలా డ్యాములకు యాభై ఏళ్ల ఆయుష్షు అని ముందే రాసుకున్నారు. యాభై ఏళ్లు దగ్గరపడుతుంటే కింద ఊళ్లు పెరిగిపోయాయి, స్థానిక సంస్థల దగ్గర అంత డబ్బు లేదు. అప్పుడు 2000లో చట్టం సవరించి, పునరుద్ధరణ ఖర్చులో 65 శాతం కేంద్రం భరించేలా చేశారు. అక్కడా అన్నీ సవ్యంగా లేవు, వంతు కోసం ఎదురుచూసే డ్యాములు చాలానే ఉన్నాయి. అయినా కట్టకు వయసు ఉంటుందని ఒప్పుకోవడం, కాసేవాడి సంతకం ముందు తీసుకోవడం, ఈ రెండూ మన దశబంధం చేసిన పనే అనిపించింది మాకు. వాళ్లది అగ్రిమెంటు కాగితం, మనది రాతి శాసనం.

ఇప్పుడు ఇది నేతవాళ్ల పేటకు ఎందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. భూమి లేనివాళ్లం, పైన వాగు మీద కట్ట ఉంటే ఏంటి, ఊడితే ఏంటి అని. రెండు కారణాలు. ఒకటి, పైన కట్టలు పూడిపోతే బావులు ఎండుతాయి, బావులు ఎండిన ఊళ్లు కూడా ట్యాంకర్ కోసం మనం ఎదురుచూసే నీళ్ల వైపే చూస్తాయి. డై హౌస్‌కు నీళ్లు కోస్తే రంగు ఆగుతుంది, రంగు ఆగితే నూలు ఆగుతుంది, మగ్గం ఆగుతుంది. రెండోది వరద. ఆదిలా నది ఏకరూఖ్ దాటాక ఊరి అంచుల మీదుగా పోతుంది. పేటల్లో ఇళ్లు చాలక మన పిల్లలు స్థలాలు కొంటున్నది ఊరి అంచుల్లోనే. 2025 సెప్టెంబరులో సీనా నది పొంగి జిల్లాలో ఎన్ని ఊళ్లను ముంచిందో అందరం చూశాం. వాన తక్కువ ఊరని నాలా పక్కన ఇల్లు కట్టుకునేవాళ్లు పైన ఏ కట్ట ఏ స్థితిలో ఉందో అడగాలి. అడిగితే జవాబు చెప్పాల్సిన ఆఫీసు ఒకటి ఉండాలి, ఒక్కటే ఉండాలి.

మాకు తోచిన ఏర్పాటు పెద్దదేం కాదు. ప్రతి చిన్న కట్ట మీద ఒక రాయి పాతి, దాని మీద కట్టిన ఏడు, మళ్లీ పూర్తిగా బాగుచేయాల్సిన ఏడు, కాసేవాడి హోదా రాయాలి. ఒక వాగు మీద ఉన్న కట్టలన్నీ, జిల్లా ఏదైనా సరే, ఒకే పుస్తకంలో ఉండాలి. కట్టే పైకంలో కొంత భాగం మరమ్మతు ఖాతాలో వేశాకే పని మొదలుపెట్టాలి. ఊట చెరువు కింద బావులున్న రైతులు ఏడాదికి ఇంత అని ఇచ్చి ఒక నీరటిని పెట్టుకుంటే, ఉపాధి హామీ నుంచి అతనికి సగం కూలి ఎందుకు ఇవ్వకూడదు? కరువులో కట్టడానికి కూలి ఇచ్చిన పథకం, మంచి ఏడు కాయడానికి కూలి ఇవ్వదా? మా ఇంట్లోనే దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. జీతం సర్కారుదైతే నీరటి కట్ట మీద కాదు, ఆఫీసు ముందు తిరుగుతాడని మా పెద్దాయన వాదన. ఆయన అన్నదాంట్లో సత్తువ ఉంది, అందుకే సగమే అన్నాం.

చివరగా మన చుట్టాలకూ, సోలాపూర్ విడిచి పుణె, భివండి, హైదరాబాద్ వెళ్లినవాళ్లకూ ఒక మాట. ఏకరూఖ్ కట్ట మీద తీసుకున్న పాత ఫొటోలు, 1972 కరువు పనికి పోయినప్పటి కార్డులు, ఇంట్లో ఎవరైనా పాత ఊళ్లో నీరటి పని చేసిన కుటుంబంతో వియ్యమందిన సంగతులు ఉంటే రాసి పంపండి. మాటలు కూడా కావాలి. మత్తడిని మీ ఇంట్లో ఇంకా మత్తడి అంటున్నారా, మరాఠీలో సాండవా అంటున్నారా? తూముకు ఏమంటున్నారు?